మల్లమ్మ కాళ్ళ కడియాలు

మందాకినిగారు పోయారు. ఆ కబురు నాకు చెప్పింది ఆవిడ బంధువులు కాదు, స్నేహితులు కాదు, ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రవాడు. ఆవిడ పేరు మీద ట్రస్టు పెట్టారట, సంస్మరణ సంచిక వేస్తున్నారట. "మీ గురువుగారు కదా మేడమ్, మీరు రాయకపోతే ఎలా? రెండు పేజీలు చాలు. కొంచెం ఎమోషనల్‌గా ఉండాలి" అన్నాడు ఫోన్లో. ఎంత ఎమోషనల్‌గా ఉండాలి నాయనా అని అడిగాను. చదివితే కళ్ళు చెమర్చాలట. రాస్తాను గానీ మీరు అచ్చు వేసుకోలేరు అన్నాను. వేళాకోళం ఆడుతున్నాననుకుని ఫక్కున నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు పెద్దలు. ఆ పెద్దలెవరూ ఆవిడ దగ్గర పని చేసి ఉండరు.

మర్నాడు సంచిక అట్ట మీద వేసే ఫోటో కూడా పంపాడు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ లాబీలో ఉన్న బొమ్మ అది. పల్లెటూరి ముసలామె నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటుంది, అచ్చం మనిషంత ఉంటుంది. చాచిన కాళ్ళకు వెండి కడియాలు. ఆవిడ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే శిల్పం అదే. ఇరవై ఏళ్ళ పైనుంచి ఆ ఫోటో ఏ పుస్తకంలో కనబడ్డా నేను పేజీ తిప్పేస్తున్నాను. ఈసారి ఎందుకో ఫోన్లో వేళ్ళతో పెద్దది చేసి చూశాను. కడియానికి రెండు పక్కలా నల్లటి గీత, అతుకు పెట్టిన చోట. నాయిన చెప్పినట్టే నల్లబడింది. అది చూశాక ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మాది నానక్‌రామ్‌గూడ. ఇప్పుడు ఆ పేరు చెబితే ఎన్నో అంతస్తు అని అడుగుతారు. అప్పుడు అంతస్తులు లేవు, బండలుండేవి, బండల మధ్య సీతాఫలం చెట్లుండేవి. ఊరు మొత్తానికి అవుసుల ఇల్లు, అంటే కంసాలి ఇల్లు, ఒక్కటే, అది మాది. ముందు గదిలోనే పని. నాయిన పొద్దున్నే స్నానం చేసి, వెండి కొట్టే దాగలికి దండం పెట్టుకుని, కుంపటి ముందు కూర్చునేవాడు. ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని ఊదితే ఆయన బుగ్గలు ఎంత ఉబ్బేవంటే, చిన్నప్పుడు నేను ఎదురుగా కూర్చుని నా బుగ్గలు ఉబ్బించి వెక్కిరించేదాన్ని. నోట్లో గొట్టం ఉండగా తిట్టలేడు గనక కళ్ళతోనే తిట్టేవాడు. ఇల్లంతా బొగ్గుపొగ, అతుకులకు వాడే వెలిగారం కాలిన వాసన, వెండి తోమిన చింతపండు నీళ్ళ వాసన. మీ ఇంట్లో అన్నం కూడా అదే వాసనేస్తుందని మా మేనత్త మూతి తిప్పుకునేది, తిప్పుకుంటూనే రెండోసారి పెట్టించుకునేది. ముందు గది ఊడ్చిన చెత్తను అమ్మ ఎప్పుడూ బయట పోయలేదు. ఒక కుండలో ఎత్తి మూత పెట్టేది. ఏడాదికోసారి జలగడిగేవాళ్ళు వచ్చి ఆ మట్టిని నీళ్ళలో కడిగి, అందులో దాక్కున్న వెండి రవ్వలు ఏరి ఇచ్చేవాళ్ళు. నేలకు రాలింది కూడా ఎవరో ఒకరి సొమ్మేనని అమ్మ అనేది.

అవుసులవాళ్ళ మీద ఒక సామెత ఉంది. సొంత తల్లి ముక్కుపుడక చేతికిచ్చినా ఇంత గోకకుండా ఉండడని. ఈ సామెత చెప్పి నవ్వినవాళ్ళను నేను బడిలో ఉన్నప్పుడు కొట్టాను, కాలేజీలో కొట్టలేక ఏడ్చాను. నాయిన కొట్టలేదు, ఏడవలేదు. దానికి జవాబుగా ఒక పద్ధతి పట్టుకున్నాడు. తాత నాటి పద్ధతే గానీ ఈయన మరీ మొండిగా పాటించాడు. కరిగించమని ఎవరైనా పాత వెండి తెస్తే ఆ పూట దాన్ని కుంపటి దగ్గరికి తీసుకుపోయేవాడు కాదు, తూకం కూడా వేసేవాడు కాదు. దాగలి వెనక గోడలో ఒక గూడు ఉండేది. తెచ్చినామె చేతనే ఆ గూట్లో పెట్టించేవాడు. మూడు రోజులు అక్కడే. "ఆడమనిషి ఒంటి మీది సొమ్ము. కోపంల ఒక మాటంటది, ఏడ్పుల ఒక మాటంటది. మూడొద్దులు పోనీ. అప్పటికీ కరిగియ్యమంటే కరిగిస్త" అనేవాడు. మూడో రోజు ఆమె మళ్ళీ రావాలి, తన కళ్ళ ముందే తూకం వేయించుకోవాలి, తన చేత్తోనే మూసలో వేయాలి, కరిగేదాకా ఎదురుగా కూర్చోవాలి. "నాకు పనులున్నయి చారీ, నువ్వే కానియ్" అంటే ఒప్పుకునేవాడు కాదు. సగం మంది మూడో రోజు ముక్కు చీదుకుంటూ వచ్చి తమ వస్తువు తాము తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. వచ్చిన పని అలా పోతుంటే అమ్మ దెప్పేది. "నీకు పని కావాల్నా, పద్ధతి కావాల్నా?" అంటే, "రెండూ గావాలె" అనేవాడు. ఆ గూటికి తలుపు లేదు, తాళం లేదు. ఇవాళ ఆ బొమ్మ ఉన్న లాబీలోకి అడుగు పెట్టాలంటే సంచీ తెరిచి చూపించాలి, ఫోటో దిగాలి, మెడలో బిళ్ళ వేసుకోవాలి. మా గూటి మీద మాత్రం ఊళ్ళో ఎవరూ, ఎప్పుడూ చెయ్యి వేయలేదు. వేసింది నేను.

ఆ రోజుల్లోనే మాదాపూర్ వైపు బండలు పేల్చడం మొదలైంది. ఎర్రజెండా పట్టుకుని ఒకడు విజిల్ వేస్తే రోడ్డు మీదివాళ్ళంతా ఆగిపోయేవాళ్ళు, ఢామ్మని పేలేది, దుమ్ము కాస్త సర్దుకున్నాక మళ్ళీ నడిచేవాళ్ళు. పెద్ద పెద్ద కంపెనీలు వస్తాయట అని అందరూ అనేవాళ్ళే, వచ్చి ఏం చేస్తాయో ఎవరికీ తెలియదు. పొలాలమ్మిన ఇళ్ళల్లో స్కూటర్లు వచ్చాయి. ఆడవాళ్ళు వెండి విప్పేసి బంగారం వైపు చూడడం మొదలెట్టారు. నాకు అప్పుడే కాలేజీ అయిపోయింది. శిల్పం చదువుకున్నాను, అంటే నాయిన దగ్గర నేర్చుకున్నదానికి ఇంగ్లిష్ పేర్లు నేర్చుకున్నాను. మందాకినిగారు మాదాపూర్‌లో పెద్ద రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని స్టూడియో పెట్టారని తెలిసి, సైకిలేసుకుని పనడగడానికి వెళ్ళాను. ఆవిడది బెజవాడ. ఢిల్లీ, బొంబాయి తిరిగొచ్చిన మనిషి. చేనేత చీర, రూపాయి కాసంత బొట్టు, వెన్నలాంటి మాట. నా మెడలో ఉన్న వెండి గొలుసు పట్టుకుని చూసి, "ఎవరు చేశారమ్మా ఇది?" అన్నారు. నేనేనండీ అన్నాను. ఇంట్లో 'అండీ' అన్న మాటే లేని పిల్లకు ఆవిడ ముందు ఎక్కడినుంచి ఊడిపడేదో మరి! "బంగారు చేతులు తల్లీ నీవి" అన్నారు. పడిపోయాను. ఇరవై రెండేళ్ళ పిల్లను పడగొట్టడానికి అంతకన్నా ఏం కావాలి? తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నాకప్పుడు తెలియదు.

నేర్పలేదంటే కళ్ళు పోతాయి. అరచేతిలో ఇమిడే వస్తువు చేయడం నాయిన నేర్పితే, గది నిండే వస్తువు చేయడం ఆవిడ నేర్పారు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా రాగి రేకు కొట్టేదాన్ని, తీగ లాగేదాన్ని, అతుకులు పెట్టేదాన్ని. ఆవిడ మధ్యాహ్నం వచ్చి, తల పక్కకు వంచి చూసి, కింద సంతకం చెక్కి వెళ్ళేవారు. అదేమిటని నాకు అనిపించలేదు. మా ఇంట్లో ఏ వస్తువు మీదా ఎవరి సంతకమూ ఉండదు గనక సంతకానికి విలువుంటుందని నాకు తెలియనే తెలియదు. పత్రికలవాళ్ళు వస్తే నా భుజం మీద చెయ్యి వేసి, "మట్టిలో మాణిక్యమండీ, ఒక పల్లెటూరి గుడిసెలో దొరికింది" అనేవారు. గుడిసె ఏమిటి, మాది పెంకుటిల్లు! కానీ నేనూ నవ్వుతూ ఫోటోకు నిలబడ్డాను. ఈ మాట దాచుకోవడం దేనికి, నాకు ఆ చెయ్యి బాగుండేది.

లాబీ బొమ్మకు కడియాలు కూడా నేనే చేశాను, రాగి మీద వెండి పూత వేసి. ఆవిడకు నచ్చలేదు. "కొత్తగా ఉన్నాయి తల్లీ. వీటిలో బతుకు లేదు. ఏళ్ళ తరబడి ఒక మనిషి కాలిని అంటిపెట్టుకుని ఉన్న వస్తువు కావాలి నాకు. మీ నాన్నగారి దగ్గరికి పాత వెండి వస్తుందిగా, ఒక్క జత తెచ్చిపెట్టు. అచ్చు తీసుకుని రేపటికి ఇచ్చేస్తాను" అన్నారు. వెనువెంటనే, ఊపిరి కూడా తీసుకోకుండా, "ఢిల్లీ ఎగ్జిబిషన్‌లో నీ నగలకు కూడా ఒక అద్దాల బల్ల ఇప్పిద్దామనుకుంటున్నా, పేరు రాసి పంపించాను" అన్నారు. రెండు మాటలకూ సంబంధం లేదన్నట్టే అన్నారు. నాకూ లేదన్నట్టే విన్నాను.

సరిగ్గా ఆ వారంలోనే మల్లమ్మను ఆమె కొడుకు స్కూటర్ మీద మా ఇంటికి తీసుకొచ్చాడు. మల్లమ్మ మా వీధి చివరి కాపుదనపు ఇంటి ముసలామె. ఆమె పెళ్ళికి కడియాలు చేసింది మా తాత. తొడిగిన రోజు నుంచి కాళ్ళ నుంచి తీయలేదు. ఇప్పుడు కాళ్ళు వాచాయి, తీసేయకపోతే పుండ్లు పడతాయని దవాఖానలో చెప్పారట. నాయిన ఆముదం రాసి, తడిగుడ్డ చుట్టి, అరపూట ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఊడదీశాడు. కడియాలున్న చోట చర్మం పసిపిల్లదిలా తెల్లగా బయటపడింది. కోడలు వాటిని కరిగించి పిల్లలకు పట్టీలు చేయించమంటోందట.

"నువ్వేమంటవ్ అవ్వా?" అని అడిగాడు నాయిన.

"కోడలు గంటున్నది గదా చారీ, కరిగియ్యి. నేనేం మీద కట్కపోతనా?"

"మూడొద్దులు కానీ."

"నీ మూడొద్దులల్ల నేను సస్తనేమో రా."

"సస్తే నీ కాళ్ళకే తొడిగి పంపిస్త తియ్యి, ఫికర్ జెయ్యకు."

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. ఆమె కడియాలు గూట్లో పెట్టి, వాటిని ఒకసారి తడిమి, "కాళ్ళు గాలికి లేస్తున్నట్టున్నయి రా" అంటూ స్కూటరెక్కింది. ఆ మధ్యాహ్నం నాయిన లోపల అన్నం తింటుండగా నేను ఆ జత తీసి నా టిఫిన్ సంచీలో వేసుకుని, షెడ్డుకు పోయి ఆవిడ చేతికిచ్చాను. రేపటికి తెచ్చి పెట్టేస్తాను కదా, ఎవరికి తెలుస్తుంది? ప్రపంచంలో దొంగలందరూ ఇదే మాట అనుకుంటారని తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున అడిగితే అచ్చు ఇంకా ఆరలేదని, నన్ను బయటి పనుల మీద పంపేశారు మందాకినిగారు. ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి నాయిన గూటి ముందు నిలబడి ఉన్నాడు. అమ్మ పిల్లల మీద ఒట్టు అంటోంది, పిల్లలంటే నేనొక్కదాన్నే. నాయిన నా వైపు చూశాడు. చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను, అరిస్తే బాగుండేది. చొక్కా తొడుక్కుని, "తియ్యి సైకిలు" అన్నాడు. నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఎత్తుపల్లాల దారిలో మాదాపూర్ దాకా తొక్కాడు.

షెడ్డులో బొమ్మ తయారై ఉంది. కాళ్ళకు మల్లమ్మ కడియాలు. ఒక్కో కడియాన్ని రంపంతో రెండు ముక్కలు కోసి, బొమ్మ కాలి చుట్టూ పెట్టి అతికేశారు. అచ్చు లేదు, గిచ్చు లేదు. అచ్చు తీసే ఉద్దేశమే ఆవిడకు మొదటినుంచీ లేదు.

"రండి రండి, నమస్కారమండీ! మీ అమ్మాయి మీ గురించి ఎంత చెబుతుందో!" అంటూ మందాకినిగారు కుర్చీ జరిపారు.

నాయిన కూర్చోలేదు. "అమ్మా, అవి మాయి కావు. ఒక ముసలామెయి. రేపు ఒస్తదామె. జర ఇప్పియ్యుండ్రి."

"అయ్యో, అతికించేశామండీ! అచ్చులో ఆ జీవం రాలేదు, ఏం చేయను? వెండి ఎంతవుతుందో చెప్పండి, రెట్టింపు ఇచ్చేస్తాను."

"వెండి నేను గూడ ఇయ్యగలుగుత తల్లీ. గవే గావాలె."

"ఎల్లుండే ప్రారంభోత్సవం. ఎంత పెద్దవాళ్ళు వస్తున్నారో మీకు తెలియదు. ఇప్పుడు నా బొమ్మ కాళ్ళు విరగ్గొట్టమంటారా? దీనిలో మీ అమ్మాయి కష్టం కూడా ఉందండీ. కావాలంటే ఆమెనే అడగండి." ఎంత మెత్తగా అన్నారు! నన్ను ముందుకు తోసి ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకున్నారు.

నాయిన జేబులోంచి ఆకురాయి తీశాడు. వస్తూ వస్తూ వెంట తెచ్చుకున్నాడన్నమాట. "ఏమంటవ్ బిడ్డా? తీద్దామా? గడియ పని. ముక్కలైనా సరే, నేను అతుకు కనవడకుండ జేసిస్త" అన్నాడు. తీద్దామంటే ఆవిడ ఆపగలిగేవారు కాదు. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. నేను నేల చూస్తూ, "ఢిల్లీకి పోయే లిస్టుల నా పేరున్నది నాయినా" అన్నాను. ఆయన ఆకురాయి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ వంగి, బొమ్మ కాలి మీద అతుకును బొటనవేలితో రుద్ది చూశాడు. "వెలిగారం తక్కువైంది. ముందుముందు నల్లవడ్తది, సూస్కోండ్రి" అని ఆవిడకు చెప్పి బయటికి నడిచాడు. కసితో అనలేదు. పని సరిగ్గా లేదు కాబట్టి చెప్పాడు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ తన వెండి వడ్డాణం తీసి దాగలి మీద పెట్టి ఉంచింది. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. నాతో మాత్రం అమ్మ ఆ తర్వాత మూడు నెలలు మాట్లాడలేదు. తాత నాటి ముద్రలు పెట్టెలో ఉన్నాయి. అవే చుక్కలు, అవే మెలికలు. నాయిన కుంపటి ముందు నుంచి లేవకుండా మర్నాటికల్లా కొత్త జత చేశాడు. గంధకంతో నలుపెక్కించాడు, బూడిదతో తోమి అంచులు అరగదీశాడు. పక్కన పెట్టి చూపిస్తే నేనూ పోల్చుకోలేకపోయేదాన్ని. మల్లమ్మ పెళ్ళికి తాత ఎన్ని తులాల్లో చేశాడో నాయినకు నోటికి వచ్చు. సరిగ్గా అంత తూకానికి చేసి, తక్కువైందన్న మాట రాకూడదని పైన ఇంకో పిసరు కూడా కలిపాడు. అక్కడే దొరికిపోయాడు. అన్నేళ్ళు ఒక మనిషి కాళ్ళకు రాసుకుని రాసుకుని అరిగిపోయిన వెండిని లెక్కలోంచి తీసేయాలని ఆయనకు తట్టలేదు. తట్టినా చేతులు వచ్చేవి కావు. తక్కువ తూకం వేయడం ఆ చేతులకు తెలియదు. ఇంకొకడైతే, నిజం దొంగ అయితే, తేలిగ్గా చేసి తప్పించుకునేవాడు.

మూడో రోజు పొద్దున్నే మల్లమ్మ నడిచి వచ్చింది, కోడలిని వెంటబెట్టుకుని. ముందు గదిలో అప్పటికే ముగ్గురు నలుగురు ఉన్నారు. "వాపు దిగింది చారీ. కరిగియ్యకు. పట్టీలకు ఇంకేమన్న సూస్తం. నాయి నాకు తొడుగు" అంది. కోడలు మొహం గంటు పెట్టుకుని గోడ చూస్తోంది. నాయిన ఆమెను పీట మీద కూర్చోబెట్టి తొడిగాడు. ఆమె లేచి రెండడుగులు వేసింది. ఆగింది. మళ్ళీ ఒక అడుగు వేసింది.

"చారీ, ఇవి నాయి గావు."

"నీయే అవ్వా."

"నా కాళ్ళకు తెల్వదారా? పెండ్లైన కాడికెల్లి మోసిన. ఇవి బరువున్నయి."

"బరువెక్కువుంటే మంచిదే గదనే, తక్కువైతే బాధ గని" అన్నారెవరో నవ్వుతూ. అప్పుడు కోడలు ఇటు తిరిగింది. "గుమ్మడికాయ దొంగ ఎవడ్రా అంటే భుజాలు తడుముకున్నడట! తప్పు జెయ్యకుంటే ఎక్కువెందుకు పోస్తడు?" అంది. మల్లమ్మ మాత్రం కోడలిని పట్టించుకోలేదు. "నాయేవి చారీ?" అని అడిగింది. నాయిన తలెత్తి, గడప దగ్గర ఉన్న నన్ను చూశాడు. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో అలా నిలబడ్డాను. నా నోరు తెరుచుకోవడానికి ఆయన చాలాసేపే ఇచ్చాడు. ఇంతకాలం తర్వాత కూడా ఆ వ్యవధి ఎంతో నేను చెప్పగలను. ఊదుగొట్టంతో ఒకసారి నిండుగా ఊదేంత.

"కరిగిచ్చిన అవ్వా" అన్నాడు. "పాతకాలం వెండి, మంచిగుంటదని ఆశకు పోయిన. తప్పు నాదే."

"అడిగితే ఇద్దును గద రా" అంది మల్లమ్మ. అంతే అంది. పీట మీద కూర్చుని, కొత్త కడియాలు తానే తీయబోయింది, రాలేదు, నాయినే తీశాడు. వాటిని దాగలి మీద వదిలేసి ఒట్టి కాళ్ళతో వెళ్ళిపోయింది. గుమ్మం దిగుతున్నవాళ్ళలో ఒకడు ఆ సామెత పైకే చెప్పాడు, తల్లి ముక్కుపుడక సామెత. మా ముందు గదిలో ఆ మాట వినబడడం అదే మొదలు. ఆ చలికాలంలోనే మల్లమ్మ పోయింది. గూట్లో మళ్ళీ ఎవరూ ఏమీ పెట్టలేదు.

ఆ మర్నాడు మందాకినిగారి బొమ్మ ప్రారంభోత్సవం జరిగింది, నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. వినండి, ఎమోషనల్‌గా రాయమన్నవాళ్ళారా! ఇవాళ నన్ను శిల్పి అంటారు, నగల కళాకారిణి అంటారు. నేను చేసిన కంఠహారాలు అద్దాల పెట్టెల్లో ఉన్నాయి. ప్రతి ఇంటర్వ్యూలోనూ మీ నాన్నగారి వృత్తి ఎందుకు ఆగిపోయింది అని అడుగుతారు. షోరూములొచ్చాయి, యంత్రాలొచ్చాయి, ప్రపంచం మారింది, పల్లె వృత్తులన్నీ అలాగే పోయాయి అని చెబుతాను. ఎంత చక్కగా చెబుతానో! నా నోరు పడ. షోరూములు వచ్చిన మాట నిజమే, పొరుగూళ్ళ అవుసులవాళ్ళ పనులూ తగ్గిన మాట నిజమే. కానీ వాళ్ళలో ఎవరినీ ఊరు దొంగ అని పంపలేదు. వెళ్ళి నిజం చెబుదామంటే ఆ ఊరు కూడా ఇప్పుడు లేదు. మల్లమ్మ మనవలు తెల్లాపూర్‌లో గేటున్న కాలనీలో ఉంటున్నారు. ఒకసారి ఏదో పెళ్ళిలో కనబడి, "మీరు మా ఊరి ఆర్టిస్టు కదా అక్కా" అని నాతో ఫోటో దిగారు. అప్పుడూ చెప్పలేదు. మందాకినిగారిని తిడుతున్నాను, ఇంకా తిడతాను, ఆవిడ మనిషి కాదు. అయినా ఆవిడ నా నోరు నొక్కి పట్టుకోలేదు. నాయిన అడిగింది ఆవిడను కాదు.

రెండు నెలలు ఖాళీగా కూర్చుని, నాయిన సికింద్రాబాద్‌లో ఒక పెద్ద బంగారు దుకాణం పైఅంతస్తులో మెరుగు పెట్టే పనికి కుదిరాడు. అక్కడికి రావద్దని నాతో చెప్పాడు. ఎందుకో నేను అడగలేదు. ఢిల్లీకి బయలుదేరిన రోజు, స్టేషన్‌కు పోయే దారే కదా అని అమ్మ ఆయన సద్ది డబ్బా నా చేతికిచ్చింది. దుకాణం వెనక సందులో పనివాళ్ళు దిగే మెట్లున్నాయి. మెట్ల కింద ఒక కాపలావాడు, నా వయసువాడే. నాయిన దిగి వచ్చాడు. జేబులు లేని చొక్కా, ఒట్టి కాళ్ళు. "చేతులెత్తు చారీ" అన్నాడు వాడు. నాయిన రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. వాడు నడుము తడిమాడు, జుట్టులో దువ్వెన పెట్టి దువ్వాడు, చెవుల వెనక చూశాడు. "నోరు తెరువ్" అన్నాడు. నోరు తెరిచాక నాయినకు నేను కనబడ్డాను. వాడు చూడడం అయ్యేదాకా అలాగే నన్ను చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "అందరికీ గంతే బిడ్డా, నా ఒక్కనికే గాదు" అన్నాడు, నేనేదో అడిగినట్టు. డబ్బా తీసుకున్నాడు.

"నాయినా" అన్నాను.

"ఏంది?"

ఏమీ లేదన్నాను.

"రైలెన్నింటికి?"

చెప్పాను.

"మరి గీడ నిలవడ్డవేంది? పో, జాగ దొరకది" అన్నాడు.

వెళ్ళాను. ఢిల్లీలో నా నగలన్నీ మొదటి రోజే అమ్ముడుపోయాయి.